జె.వై.లో ‘వై’ ఎవరు?

నేను మాంసం తినను. మా ఇంట్లో ఎవరూ తినరు. మా నాన్నగారు సైదాబాద్‌లో ఒక చిన్న గుడిలో అర్చకులు. అయినా ముప్పై ఏళ్ళకు పైగా నేను ఒక స్టేక్ హౌస్‌కు వకీలుగా ఉన్నాను. అక్కడి వంట ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేను. అది ఎవరిదని అడిగితే మాత్రం, ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో, ఎవరు ఎందుకు వదులుకున్నారో వరసగా చెప్పగలను.

పోయిన ఎండాకాలం నయాపూల్ దగ్గర నా ఆఫీసు ఖాళీ చేశాను. పుస్తకాలు జూనియర్లకు పంచాను. వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది: “మేడమ్, సివిల్ ప్రాక్టీసంటే రోజూ ఏం చేస్తం అసలు? కాలేజీల చెప్పింది వేరే, ఇక్కడ చూస్తున్నది వేరే.” అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి ఈ ఒక్క కుటుంబం సంగతి రాస్తున్నాను. నిజానికి ఒకటి కాదు, రెండు కుటుంబాలు. వాళ్ళ కాగితాల్లో నా తప్పులు రెండున్నాయి. రెండూ రాస్తాను.

సీనియర్ గారి గది

నేను చేరింది రంగారావు గారి దగ్గర. కోర్టులో ఆయన నిలబడితే ఎదుటి వకీలు కాగితాలు సర్దుకునేవాడు. అంత పేరు. మొదటి ఆరు నెలలు నన్ను ఒక్క ముక్క రాయనివ్వలేదు. మూలన కుర్చీ వేసి, “వచ్చినోళ్ళు చెప్పేది వినమ్మా, చాలు” అన్నారు. అది మంచి శిక్షణ. జనం అసలు విషయం ఎప్పుడూ లేచి వెళ్ళబోతూ గడప దగ్గర చెబుతారని నాకు అక్కడే తెలిసింది.

ఆయనలో ఒక లోపం కూడా ఉండేది. వాదించడం మీద ఉన్న మోజు దస్తావేజులు రాయడం మీద ఉండేది కాదు. భాగస్వామ్య ఒప్పందాలు, కిరాయి కాగితాలు వస్తే “పాత నమూనా చూసి నింపెయ్” అని నా వైపు తోసేవారు. నేనూ అలాగే నింపేదాన్ని.

ఒక రోజు మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ళు, ఒకామె వచ్చారు. ఒకాయన జబ్బార్ భాయ్. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు వంటింట్లో పదేళ్ళు పనిచేసి స్టేక్ చేయడం నేర్చుకున్నాడు. ఆ పని మానేసి సంతోష్‌నగర్ రోడ్డు మీద తోపుడు బండి పెట్టాడు. బొగ్గుల మీద నల్లరాతి పలక వేడిచేసి, పచ్చి బొప్పాయి, మన మసాలాలు పట్టించిన మాంసం ముక్క దాని మీద కాల్చేవాడు. మోచేతుల దాకా కాలిన మచ్చలు. రెండో ఆయన యాదయ్య, బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి రోజూ ఆ బండి దగ్గర తినేవాడు. రోడ్డు మీదకే ఆయనకు తండ్రి ఇచ్చిపోయిన ముల్గి, అంటే దుకాణం గది, ఒకటుంది. అందులో ఇద్దరూ కలిసి హోటల్ పెట్టాలనుకున్నారు. వెంట వచ్చినామె యాదయ్య భార్య లక్ష్మమ్మ.

“పేరేం పెడుతున్నారు?” అని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదట.

“యాదన్న పేరు పెట్టుండ్రి వకీలమ్మా. ముల్గి ఆయనది,” అన్నాడు జబ్బార్.

“నా పేరు పెడితే ఎవడొస్తడు భాయ్? యాదయ్య స్టేక్ హౌస్ అంటే నవ్వుతరు,” అన్నాడు యాదయ్య. “నీ పేరే పెట్టాలె. వండేటోనివి నువ్వు.”

“అరె, నై నై.”

అలా చాలాసేపు నువ్వంటే నువ్వని మొహమాటపడ్డారు. రంగారావు గారికి కోర్టు టైమవుతోంది. “ఇద్దరి మొదటి అక్షరాలు పెట్టుకోండయ్యా. జె, వై. అయిపాయె,” అన్నారు.

“జె ముందుండాలె,” అన్నాడు యాదయ్య. అంతే, జె.వై. స్టేక్ హౌస్ అయింది.

నేను రాస్తుంటే లక్ష్మమ్మ ముందుకు వంగింది. “వకీలమ్మా, ఒక్క మాట. రేపు ఈళ్ళిద్దరిట్ల ఎవరన్న లేకపోతే ఈ పేరు ఎవరిదయితది?”

యాదయ్యకు కోపమొచ్చింది. “ఏందే, మంచిగ కాగితం రాసుకుంటుంటే గిదేం మాట?”

రంగారావు గారు నవ్వి, “ఇప్పుడెందుకమ్మా అవన్నీ” అన్నారు. నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. బట్టల దుకాణం కోసం రాసిన పాత నమూనా నా ముందుంది. పేరు ఎవరి ఆస్తి అన్న సంగతి అందులో లేదు. నేను అడగలేదు, చేర్చలేదు. ఆ రోజు ఆ గదిలో వకీలు బుర్రతో ఆలోచించింది లక్ష్మమ్మ ఒక్కతే. అది నా మొదటి తప్పు. అది తప్పని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

పొగ కేసు

హోటల్ నడిచింది. మూడేళ్ళకు సైదాబాద్‌లో రెండోది తెరిచారు. దాని మీది అంతస్తులో శాంతమ్మ గారని రిటైరైన టీచరుండేవారు. ఊపిరితిత్తుల జబ్బు. పొగ పడడం లేదని హోటల్ మూయించమంటూ కోర్టుకెళ్ళారు. అప్పటికి నేను సొంతంగా కేసులు చూస్తున్నాను.

నేను చేసిందల్లా వాయిదాలు అడగడం. ఒకసారి మా జవాబు సిద్ధం కాలేదన్నాను, ఒకసారి మరో కోర్టులో పనుందన్నాను. ఆమె దగ్గుకుంటూ మెట్లెక్కి వచ్చి, వాయిదా పడిందని విని తిరిగి దిగిపోయేవారు. ఒక రోజు ఆమె రాలేకపోయారు, ఆమె వకీలూ రాలేదు. కేసు కొట్టేశారు. నేను ఉత్సాహంగా సంతోష్‌నగర్ వెళ్ళి జబ్బార్ భాయ్‌కి చెప్పాను, గెలిచామని.

ఆయన రాతి పలక గీకుతున్నాడు. తల ఎత్తి, “గెలిసినమా? మరి ఆమెకు దగ్గు తక్కువైందా?” అని అడిగాడు.

కేసు కొట్టేశారని మళ్ళీ చెప్పాను.

“మీరు ఆడికి పోయి చూసిండ్రా వకీలమ్మా?”

చూడలేదు. ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. శాంతమ్మ గారి వంటింటి కిటికీకి మూడడుగుల దూరంలో మా పొగగొట్టం. గోడ నల్లబడి ఉంది. జబ్బార్ నాలుగు రోజులు హోటల్ మూసి, గొట్టాన్ని ఆమె డాబా పైదాకా లేపించి, ఆమె గోడకు సున్నం వేయించాడు. నేను ఏడాదిపాటు వాయిదాలతో సాగదీసిన పని అది.

పిల్లలూ, మీ దగ్గరికొచ్చిన గొడవ ఎక్కడ పుట్టిందో ఆ చోటికి వెళ్ళి చూడండి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునైనా సరే వెళ్ళండి. ఆ తర్వాత నేను జె.వై. వాళ్ళ ప్రతి కొత్త ముల్గీకీ, కాగితం రాసే ముందే, వెళ్ళాను.

యాదయ్య పోయాక

యాదయ్య బస్సు ఉద్యోగం వదిలి కౌంటర్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళను పేరుపెట్టి పలకరించేది ఆయనే. ఒక మధ్యాహ్నం భోజనం చేసి లేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. జబ్బార్ అన్ని హోటళ్ళూ పది రోజులు మూయించాడు.

అప్పటికి ఆరు హోటళ్ళున్నాయి. రెండు హోటళ్ళు ఆరు కావడం వెనక జబ్బార్ కొడుకు ఇలియాస్ ఉన్నాడు. ఆ మాట చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినదాన్నవుతాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. అన్నిచోట్లా ఒకే మెనూ, ఒకే బోర్డు, ఒకే రుచి ఉండాలని పట్టుబట్టాడు. పాతబస్తీ దాటించి నగరం అవతలి వైపు దాకా తీసుకెళ్ళాడు. దాన్ని హోటళ్ళ చెయిన్‌గా చేసింది అతనే. యాదయ్యకు ఒక్కతే కూతురు, రేణుక. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసేది. హోటల్ వైపు పెద్దగా వచ్చేది కాదు.

ఇద్దరే ఉన్న భాగస్వామ్యంలో ఒకరు పోతే అది అక్కడితో ఆగిపోతుంది. ఆస్తులు పంచుకోవాలి. పొయ్యిలు, బల్లలు పంచుకోవచ్చు. పేరునెలా పంచుతారు?

అప్పుడే బయటి ఊరి కంపెనీ ఒకటి ఇలియాస్‌ను కలిసింది. జె.వై. పేరు కొని వేరే రాష్ట్రాల్లోనూ తెరుస్తామంది. ఒక్క యజమానితోనే మాట్లాడతామని షరతు పెట్టింది. ఇలియాస్ మరో వకీలు చేత ఆ పేరును తన మీద ట్రేడ్‌మార్క్ కింద రిజిస్టరు చేయమని దరఖాస్తు పెట్టించాడు. తెలిసి రేణుక అభ్యంతరం చెప్పింది. ఇలియాస్ నా దగ్గరికొచ్చాడు.

“మేడమ్, పేరు మా అబ్బాది. ముల్గి తీసుకోకముందు బండి మీద గూడ గదే పేరుండె. యాదయ్య చాచా వాళ్ళకు ఏమియ్యాల్నో ఇస్తం. ఈ లొల్లి ఎందుకు? మీరు ఒక జవాబు నోటీసు పంపుండ్రి.”

బండి మీద పేరు లేదని నాకు తెలుసు. ఆ పేరు పుట్టింది నా కళ్ళ ముందు. అయినా జబ్బార్ సంతకంతో వకాలత్ తెచ్చాడు కదా, పాత క్లయింటు కదా అనుకున్నాను. పేరు ఊసెత్తకుండా తెలివిగా రాశాననుకుని నోటీసు పంపాను. ఇది నా రెండో తప్పు. మొదటిది తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది.

నాలుగు రోజులకు రేణుక వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నోటీసు బల్ల మీద పెట్టింది.

“మేడమ్, మీరు మా బాపుకు గూడ వకీలే గదా?”

“అవునమ్మా.”

“మరి నా మీద నోటీసు మీ పేరుతోని వచ్చిందేంది?”

అరిచి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని. ఆమె అరవలేదు. కాసేపు నిలబడి, నోటీసు బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రంగారావు గారింటికి వెళ్ళాను. అప్పటికి ఆయన కోర్టుకు రావడం మానేశారు. అంతా విన్నారు. తర్వాత, “నువ్వు జబ్బార్ వకీలువి కాదు, యాదయ్య వకీలువి కాదు. ఇద్దరూ కలిసి పెట్టుకున్న వకీలువి. ఇద్దరి మాటలూ నీ కడుపులో ఉన్నయి. ఒకరి పక్కన నిలబడితే రెండోవాళ్ళకు ద్రోహం చేసినట్టే. రేపే బయటికి రా,” అన్నారు. కాసేపాగి, “ఆ రోజు లక్ష్మమ్మ అడిగితే నవ్వింది నేను. అది నా ఖాతాలో వేసుకుంటలే,” అన్నారు.

ఆయన అలా అన్నా నాది తగ్గదు. మర్నాడు వకాలత్ వదులుకున్నాను. ఇలియాస్ మండిపడ్డాడు. “నడుమల వదిలేస్తరా మేడమ్? ఇన్నేండ్ల సంది మా ఉప్పు తిని!” అన్నాడు. రేణుక ఇంటికి వెళ్ళి, తల్లీకూతుళ్ళిద్దరి ముందూ, దస్తావేజులో పేరు సంగతి రాయనిది నేనేనని చెప్పాను. లక్ష్మమ్మ, “నేను అడిగిన గద బిడ్డా” అని మాత్రం అంది. ఆరు హోటళ్ళ పనీ నా చేతిలోంచి పోయింది. కోర్టు వరండాలో మాటలు కూడా పడ్డాను. పడవలసినవే.

చదివి చెప్పమన్న కాగితం

రేణుక దావా వేసింది. ఇలియాస్ వాదన ఇది: జె అంటే జబ్బార్, వై అంటే యాస్మీన్, అంటే జబ్బార్ భార్య, ఇలియాస్ తల్లి. బండి రోజుల్లోనే ఆ పేరుంది, భాగస్వామ్యానికి వాడుకోనిచ్చారంతే. నా దస్తావేజులో ఆ పేరు ఫర్మ్‌దని ఒక్క వాక్యం ఉంటే ఈ వాదనకు చోటే ఉండేది కాదు. యాస్మీన్ బీ చనిపోయి అప్పటికి రెండేళ్ళు.

జబ్బార్ సాక్ష్యానికి ముందు రోజు, కోర్టు భోజన విరామంలో ఆయన నా ఆఫీసుకు వచ్చాడు. మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కి కుర్చీలో కూలబడ్డాడు. జేబులోంచి మడిచిన కాగితాలు తీశాడు. ఆయన తరఫున దాఖలైన అఫిడవిట్ నకలు. ఇంగ్లీషులో ఉంది. కింద ఆయన ఉర్దూ సంతకం.

“ఇందుల ఏం రాసిండ్రో జర చదివి చెప్పుండ్రి వకీలమ్మా.”

“జబ్బార్ భాయ్, నేను ఈ కేసులో లేను. మీ వకీలు చేత చదివించుకోండి.”

“ఆయన నా కొడుకు వకీల్. నేనడిగితే ‘అంత ఠీక్ ఉంది, ఫికర్ చెయ్యకు’ అంటడు. మీరు మా ఇద్దరి వకీల్. నాకు, యాదన్నకు.”

ఇక్కడ నేను చేసింది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వేరే వకీలున్న మనిషితో కేసు గురించి మాట్లాడకూడదు, అది నియమం. కానీ తాను ప్రమాణం చేయబోయే కాగితంలో ఏముందో ఆ మనిషికి తెలియదు. తలుపు తెరిచే ఉంచాను. నా అభిప్రాయం ఒక్కటీ కలపనని, ఏం చేయాలో చెప్పనని ఆయనతో అన్నాను. తర్వాత మొదటి వాక్యం నుంచి తెలుగులో చదివాను.

నాలుగో పేరా దగ్గర ఆయన చెయ్యెత్తాడు.

“అది మళ్ళ చదువుండ్రి.”

మళ్ళీ చదివాను. “జె.వై. అనే పేరు నా పేరులోని, నా భార్య యాస్మీన్ పేరులోని మొదటి అక్షరాలతో నేను పెట్టుకున్నది.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కింద మూసీ వంతెన మీద ట్రాఫిక్ గోల. “ఆమె బతికున్నప్పుడు ఒక్క దినం గూడ దుకాణం మొఖం చూడలే,” అన్నాడు. “చచ్చిపోయినంక ఆమెతోని అబద్ధం ఆడిపిస్తున్నరా?”

నేను కాగితాలు ఆయన ముందుకు జరిపాను.

“నేను నిజం చెప్తే నా కొడుకు ఏమయితడు?”

“అది నేను చెప్పకూడదు జబ్బార్ భాయ్.”

“చెప్పొద్దుగద. సరే.” కాగితాలు మడుచుకున్నాడు. ఛాయ్ తెప్పించాను. సగం తాగి లేచాడు.

బోనులో

మర్నాడు నేను కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు వరసలో ఇలియాస్, మరోవైపు రేణుక, లక్ష్మమ్మ. జబ్బార్ బోనెక్కి కటకటాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

రేణుక వకీలు నెమ్మదస్తుడు. నేరుగా అడిగాడు. “జె.వై.లో జె ఎవరు?”

“నేను.”

“వై ఎవరు?”

జబ్బార్ కొడుకు వైపు చూశాడు. ఇలియాస్ చూపు తిప్పుకోలేదు. జడ్జి గారు తలెత్తి, “చెప్పండి” అన్నారు.

“యాదయ్య, సాబ్,” అన్నాడు జబ్బార్. “బండికి బోర్డే లేకుండె. పేరు వకీల్ సాబ్ ఆఫీసుల పెట్టినం. జె ముందుండాలె అన్నది గూడ యాదన్ననే. యాస్మీన్ నా బీవీ. ఆమెను ఇందులకు గుంజకుండ్రి.”

ఇలియాస్ వకీలు లేచి అఫిడవిట్ చూపించాడు. “ఈ సంతకం మీదేనా?”

“నాదే. ఏం రాసిండ్రో చెప్పకుండ పెట్టించుకున్నరు. నిన్న చదివించుకున్న.”

“ఎవరు చదివారు?”

నా పేరు వస్తే బార్ కౌన్సిల్‌లో జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. జబ్బార్ నా వైపు తిరగలేదు.

“చదువొచ్చినోళ్ళు,” అన్నాడు.

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జి గారు ఆ జవాబు అలాగే రాయించి, ఇక చాలన్నారు.

బయటికొచ్చేసరికి ఇలియాస్ కారు వెళ్ళిపోయింది. జబ్బార్ మెట్ల మీద ఒక్కడే నిలబడి మోకాలు రుద్దుకుంటున్నాడు. దావా వేసినవాళ్ళు ఎదుటి పక్షం సాక్షితో మాట్లాడకూడదని రేణుక దూరంగా ఆగింది. లక్ష్మమ్మకు అవేం పట్టలేదు. వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది. “పైలంగ దిగు భాయ్. ఆటో పిలుస్త,” అంది.

పేరు ఎటు పోయింది

తీర్పు దాకా రాలేదు. ఆ సాక్ష్యం తర్వాత ఇలియాస్ వకీలే రాజీకొచ్చాడు. పేరు రెండు కుటుంబాలదీ అని ఒప్పుకున్నారు. రెండు కుటుంబాలూ కలిసి పేరునూ, ఐదు హోటళ్ళనూ ఆ కంపెనీకి అమ్మేశారు. సంతోష్‌నగర్ ముల్గి యాదయ్య సొంతం కాబట్టి దాన్ని బయట ఉంచారు. ఇక దాని మీద జె.వై. అని రాయడానికి వీల్లేదు.

ఇలియాస్ కంపెనీలో పెద్ద ఉద్యోగంలో చేరాడు. తండ్రితో మాటలు మానేశాడు. జబ్బార్ తిరిగి ఆ పాత ముల్గీలో పొయ్యి ముందు నిలబడ్డాడు. రేణుక ఆఫీసు అయ్యాక వచ్చి కౌంటర్ చూసుకునేది. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసింది. బోర్డు దించేశారు. గిరాకి తగ్గలేదు. ఒకసారి బిల్లు మీద ‘పాత జె.వై.’ అని అచ్చు వేయిస్తే కంపెనీ నుంచి నోటీసొచ్చింది. రేణుక కోపంగా నా దగ్గరికొచ్చింది. కంపెనీది న్యాయమేనని చెప్పాను. అమ్ముకున్న పేరు అమ్ముకున్నట్టే. ఆమె గొణుక్కుంటూ బిల్లు పుస్తకాలు మార్పించింది.

ఆ కంపెనీ ఎనిమిదేళ్ళు నడిపి ఇంకో కంపెనీకి అమ్మింది. వాళ్ళు రాతి పలకలు తీయించి గ్యాసు పెనాలు పెట్టారు. మాంసం ఎక్కడినుంచో ముక్కలుగా కోసి, గడ్డకట్టించి వచ్చేది. ఇలియాస్ అడ్డుపడ్డాడు. పక్కన కూర్చోబెట్టారు. రాజీనామా చేశాడు. హోటళ్ళు కొన్ని మూతపడ్డాయి, కొన్ని వేరే ఊళ్ళలో నడుస్తున్నాయి. తర్వాత వాళ్ళూ అమ్మేశారు, ఇప్పుడు ఆ పేరు మూడో కంపెనీది. దాని యజమానులు జబ్బార్‌నీ, యాదయ్యనీ ఎరగరు. రేణుక అడిగితే ఆ బదిలీ కాగితాలన్నీ తెప్పించి చూశాను. ఎక్కడా లోపం లేదు. మంచి వకీళ్ళే రాశారు.

చివరి దస్తావేజు

ఇలియాస్ తిరిగొచ్చిన సంగతి రేణుక చెప్పింది. “పొద్దుగాల పదకొండు గంటలకు రోడ్డు అవతల నిలబడ్డడు మేడమ్. చాచా చూసిండు. చూసి గూడ మాంసం దంచుకుంటనే ఉన్నడు. ఈయన పిలుస్తలేడు, ఆయన వస్తలేడు. గిరాకి మొదలయ్యే టైం. నాకు చిరాకొచ్చింది. నేనే పోయి ‘ఇలియాస్, చేతులు కడుక్కొని లోపటికి రా’ అన్న. మూడింటిదాక ఉల్లిగడ్డలు కోసిండు.”

“మాట్లాడుకున్నారా?”

“‘సన్నగ కొయ్యి’ అన్నడు చాచా. గంతే.”

కొన్ని నెలలకు రేణుక, ఇలియాస్ కలిసి నా ఆఫీసుకొచ్చారు. ఇద్దరూ భాగస్తులుగా హోటల్ నడుపుతారట. ఇంకోటి మలక్‌పేట వైపు తెరుస్తారట. నేను పని ముగించే రోజులవి. కొత్తవి తీసుకోవడం లేదు. దీన్ని మాత్రం తీసుకున్నాను. ఇద్దరూ మాత్రమే వస్తే కుదరదని, ఇళ్ళల్లో వాళ్ళంతా కూర్చోవాలని చెప్పాను.

మూడుసార్లు కూర్చున్నాం. నమూనా ముందు పెట్టుకోలేదు, తెల్లకాగితం పెట్టుకున్నాను. ఒకరు పోతే ఏం చేస్తారు? కొట్లాడుకుంటే ఎవరు తప్పుకుంటారు? రేణుక పిల్లలకు ఈ పని ఇష్టం లేకపోతే? ఇలియాస్‌కు మళ్ళీ కంపెనీ నుంచి పిలుపొస్తే? రెండోసారి కూర్చున్నప్పుడు ఇలియాస్ భార్య సబా కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయింది. “ఇంక దుకాణం మొదలే కాలే, అప్పుడే చావులు, లొల్లులు! మీరు కలిపేదానికి కూసున్నరా, విడగొట్టేదానికా?”

“రెండిటికీ అమ్మా,” అన్నాను. ఆమె ఆ రోజు తిరిగి రాలేదు. మూడోసారి వచ్చి, నేనడగని ప్రశ్న ఒకటి తనే అడిగింది: పేరు ఎవరూ ఒంటరిగా అమ్మకుండా రాయవచ్చా అని. రాయవచ్చన్నాను. రాశాను. పేరు ‘సంతోష్‌నగర్ స్టేక్ హౌస్’. అది ఇద్దరిదీ. ఎవరు తప్పుకున్నా రెండోవాళ్ళ ఒప్పుదల లేకుండా వాడకూడదు. ఆ సంగతి ఒక్కదానికే పేజీన్నర పట్టింది.

ఇప్పుడు ఆ జూనియరమ్మాయికి జవాబు. మన పని చాలావరకు ఇదే. ఎదుటివాళ్ళు ఒకరినొకరు ప్రేమగా చూసుకుంటున్న రోజున వాళ్ళకు నచ్చని ప్రశ్నలు అడగాలి, తిట్లు తినాలి, జవాబులు రాసిపెట్టాలి. కోర్టులో నిలబడి వాదించడం దీనికంటే తేలిక. నేను రెండూ చేశాను కాబట్టి చెబుతున్నాను.

సంతకాల రోజు దస్తావేజు మొత్తం తెలుగులో గట్టిగా చదివాను. జబ్బార్ భాయ్ కూడా వచ్చాడు. ఎనభై దాటాయి, చేతులు వణుకుతున్నాయి. ఆసాంతం విన్నాడు. రేణుక, ఇలియాస్ సంతకాలు పెట్టారు.

“నేనెక్కడ పెట్టాలె?” అన్నాడాయన.

“మీరు భాగస్తులు కారు భాయ్. అవసరం లేదు.”

“కింద ఇంకో జాగ ఉంది గద?”

“అది సాక్షి సంతకం. మా గుమాస్తా పెడతాడు.”

“గుమాస్తా ఎందుకు?” అన్నాడు. “సాచ్చెం నేను చెప్త.”

ఆయన పెన్ను అందుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, కుడి నుంచి ఎడమకు ఒక్కో అక్షరమే రాయడం మొదలుపెట్టాడు. ఇలియాస్ లేచి తండ్రి పక్కకొచ్చి, కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.